పులిజూదంలో గెలిచే పిల్లవాడికి 76 అని రాసిచ్చారు: దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న
శెనక్కాయల చేను, అనంతపురం

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు నిండాయి. మూడో తరగతి చదువుతున్నాడు. ఏడాది పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచి నిరుటి దాకా కళ్యాణదుర్గం దగ్గర మా సొంత ఊళ్ళో మా నాయన చేతుల మీద పెరిగాడు. నేనూ, నా భార్యా అనంతపురంలో ఉద్యోగాలు చేసుకుంటూ వారానికొకసారి వెళ్ళి చూసి వచ్చేవాళ్ళము. ఉగాదికి ముందు మా నాయన కాలం చేశారు. ఊళ్ళో ఇక చూసుకునేవారెవరూ లేకపోవడంతో పిల్లవాణ్ణి మా దగ్గరికి తెచ్చుకొని, జూన్‌లో ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో చేర్పించాము. రెండు నెలలు తిరగకముందే బడివాళ్ళు మమ్మల్ని పిలిపించి, పిల్లవాడు అడిగినదానికి నోరు విప్పడం లేదనీ, తరగతిలో బాగా వెనకబడి ఉన్నాడనీ, తెలివితేటల పరీక్ష చేయించుకొని రమ్మనీ చెప్పారు. చేయించాము. గంటన్నర తర్వాత మా చేతికి వచ్చిన కాగితం మీద ఐక్యూ 76 అని ఉంది.

ఆ అంకె కంటే వాడు ఆ రోజు అన్న మాట నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, తెలిసినవి కూడా ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఆయమ్మకు జవాబు ముందే తెలుసు కదా నాయనా, తెలిసినోళ్ళకు నేను మళ్ళా చెప్పేదేముంది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మా ఊరి ఆంజనేయస్వామి గుడి అరుగు మీద పులిజూదం గడి చెక్కి ఉంది. ఎవరు చెక్కారో ఎవరికీ తెలియదు. గీతలు అరిగి, వాన పడితే నీళ్ళు నిలిచేటంత లోతు పడ్డాయి. పొద్దు వాలగానే మా నాయన, వీడు అక్కడ ఎదురెదురుగా కూర్చునేవారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు రాళ్ళు, మేకలకు చింతగింజలు. మేకల పక్షాన ఆడి గెలవడం పెద్దవాళ్ళకే కష్టం, ఎందుకంటే తొందరపడి ఒక్క మేకను ముందుకు తోస్తే చాలు, పులికి ఎగిరి దాటే దోవ దొరుకుతుంది. మా నాయన ఎప్పుడూ చెప్పే మాట ఒకటే: "పులిని చంపలేవు నాయనా, కదలకుండా కట్టేయాలంతే." ఏడో ఏట మా వాడు మేకలతో ఆడి ఆయన మూడు పులులనూ కట్టేశాడని ఊరంతా చెప్పుకున్నారు. మనవడి కోసం ఆయన కావాలనే ఓడిపోయారేమోనని నేను అనుకున్నాను గానీ, ఆ తర్వాత నాతో ఆడినప్పుడు నేనూ ఓడిపోయాను. నేను కావాలని ఓడిపోలేదు.

ఇప్పుడు బడివాళ్ళు రెండు మాటలు చెబుతున్నారు. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ట్యూషన్ పెట్టి ఆటలు పూర్తిగా మాన్పించాలి. దసరా సెలవుల తర్వాత కూడా ఇలాగే ఉంటే "వీడికి తగిన" బడి ఏదైనా చూసుకోవాలి. చిన్నప్పుడు నన్ను కూడా మొద్దబ్బాయి అనేవారు, కాబట్టి నా కోపంలో ఎంత న్యాయం ఉందో, ఎంత పాత కసి ఉందో నేనే తేల్చుకోలేకపోతున్నాను. ఈ 76 అనేది దేనికి కొలత? గుడి అరుగు మీద నేను చూసిన తెలివి ఆ కాగితంలో ఎందుకు కనిపించలేదు? ఈ రంగం తెలిసినవారు, ఇటువంటిది దాటి వచ్చినవారు దయచేసి చెప్పండి.


జవాబు
తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

పిల్లలకు ఇటువంటి పరీక్షలు చేయడమే నా వృత్తి. పదిహేనేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. కాబట్టి నేను పరీక్షను పూర్తిగా తీసిపారేస్తానని ఆశించకండి. అలాగని ఆ ఒక్క అంకె కోసం మీరు నిద్ర పోగొట్టుకోవలసిన పనీ లేదు.

ముందుగా, ఇది నూటికి వచ్చిన మార్కు కాదు. ఒకే వయసు పిల్లల సగటును 100 అని పెట్టుకొని, మన పిల్లవాడు దానికి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పడమే ఈ కొలత పని. ముగ్గురిలో ఇద్దరు 85కూ 115కూ మధ్య వస్తారు. 70 కంటే కిందికి వచ్చేవారు నూటికి ఇద్దరు మాత్రమే. 76 సగటు కంటే తక్కువే, ఆ మాట దాచను. కానీ అది బుద్ధిమాంద్యం కాదు. 70 లోపు వచ్చినా కూడా, పిల్లవాడు తన పనులు తాను చేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం, నలుగురితో మెలగడం వంటివి విడిగా చూడకుండా ఎవరూ ఆ మాట అనకూడదు. అందుకు ఎడ్గార్ డాల్ అనే ఆయన 1935లో అమెరికాలోని వైన్‌ల్యాండ్‌లో తయారుచేసిన సామాజిక పరిణతి కొలత ఒకటి ఉంది. మన దేశంలో దాన్ని ఇప్పటికీ వాడుతున్నాము. పైగా సంతలో తక్కెడకు ఉన్నట్టే దీనికీ అయిదారు పాయింట్ల మొగ్గు అటో ఇటో ఉంటుంది. అదే పిల్లవాణ్ణి ఇంకొక రోజు కూర్చోబెడితే 71 రావచ్చు, 81 కూడా రావచ్చు.

మీ చేతిలో ఉన్న రిపోర్టు రెండో పేజీ తీసి చూడండి. మన దగ్గర ఎక్కువగా వాడేది మాలిన్ స్కేలు. అమెరికాలో వెక్స్‌లర్ 1949లో పిల్లల కోసం చేసిన పరీక్షను నాగపూర్‌లో మాలిన్ గారు భారతీయ పిల్లలకు తగినట్టు మార్చి 1969లో తెచ్చారు. అందులో మాటలతో చేసే భాగం ఒకటి, చేతులతో చేసే భాగం ఒకటి ఉంటాయి. చెక్క దిమ్మెలు పేర్చడం, ముక్కలు కలిపి బొమ్మ చేయడం రెండో భాగంలోకి వస్తాయి. మొదటి పేజీలో కనబడే అంకె ఈ రెండింటి సగటు. రెండు భాగాల మధ్య పెద్ద తేడా ఉంటే ఆ సగటుకు పెద్దగా అర్థం ఉండదు. ఒక కాలు నిప్పుల మీద, ఒక కాలు మంచు మీద పెట్టినవాడికి సగటున హాయిగా ఉందనడం వంటిది అది.

ఆటోలో మీ అబ్బాయి అన్న మాటకు వస్తాను, ఎందుకంటే అది నా వృత్తిలోని అసలు చిక్కును పట్టుకున్న మాట. జవాబు తెలిసినవారు తెలియనివాళ్ళను అడిగే ప్రశ్న బడిలోనే పుట్టింది. చేనులో ఎవరూ అలా అడగరు. గడ్డపార ఎక్కడుందని తాత అడిగితే ఆయనకు నిజంగా తెలియకనే అడుగుతారు. బడిగాలి సోకిన పట్నపు పిల్లలకు ఈ వింత ప్రశ్నలు రెండో ఏట నుంచే అలవాటవుతాయి. బొమ్మల పుస్తకం తెరిచి "ఇదేమిటి, అదేమిటి" అని అమ్మానాన్నలు రోజూ అడుగుతూనే ఉంటారు. 1931, 32 సంవత్సరాలలో అలెగ్జాండర్ లూరియా అనే రష్యన్ మనస్తత్వవేత్త ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్ళి, చదువురాని రైతులకు సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి, వీటిలో చేరనిది తీసేయమన్నాడు. ఆయన ఎదురుచూసిన జవాబు దుంగ, ఎందుకంటే మిగతా మూడూ పనిముట్లు. రైతులు ఏదీ తీసేయడానికి ఒప్పుకోలేదు; దుంగే లేకపోతే రంపంతో ఏం కోస్తామని ఎదురు అడిగారు. వాళ్ళకు ఆలోచన లేదని దీనికి అర్థం కాదు. వస్తువులను పని నుంచి విడదీసి పేర్లుగా మాత్రమే చూసే అలవాటు వాళ్ళకు లేదు, ఆ అలవాటును నేర్పేది బడి.

అసలు ఈ పరీక్ష ఎందుకు పుట్టిందో కూడా మీ బడివాళ్ళకు చెప్పవలసి ఉంది. 1904లో ఫ్రెంచి ప్రభుత్వం, మామూలు తరగతిలో నెగ్గుకు రాలేని పిల్లలను ఎలా గుర్తించి వారికి ప్రత్యేకంగా బోధించాలో చూడమని ఒక సంఘాన్ని వేసింది. అందులో సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్‌తో కలిసి 1905లో ముప్పై ప్రశ్నల స్కేలు తయారుచేశాడు. సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడానికే దాన్ని చేశాడు. తెలివి పుట్టుకతో గీసిన గీత, అది పెరగదు అనేవారిని ఆయన 1909 నాటి తన పుస్తకంలో గట్టిగా ఖండించాడు. వెనకబడిన పిల్లలకు ఆయన సూచించిన అభ్యాసాలలో ఒకటి ఏమిటో తెలుసా? ఒక భంగిమలో కదలకుండా నిలబడే ఆట! మన పిల్లలు వీధిలో "స్టాచ్యూ" అని అరిచి ఆడుకునేది అదే. దృష్టిని నిలపడం నేర్చుకున్న తర్వాతే పాఠం అన్నది ఆయన పద్ధతి. పరీక్షను కనిపెట్టినవాడే ఆట ఆడించమంటే, ఆ పరీక్ష కాగితం చూపించి ఆట మాన్పించమనడం విచిత్రంగా ఉంది.

చివరగా ఒకటి అడగాలి. తాత పోయిన కొద్ది నెలలకే, కొత్త ఊళ్ళో, ముక్కూ మొహం తెలియని మనిషి ఎదుట కూర్చోబెట్టి కొలిచారు. దుఃఖంలో ఉన్న పిల్లవాడి మౌనాన్ని పరీక్ష "తెలియదు" అనే రాసుకుంటుంది. నేనే అయితే పరీక్షకు ముందు రెండు మూడుసార్లు పిలిపించి, ఊరికే ఆడించి పంపేదాన్ని. ఒక ఏడాది ఆగి, మీ మాండలికం తెలిసినవారి దగ్గర మళ్ళీ చేయించండి. ఈలోగా ఆ ప్రశ్నలకు తర్ఫీదు మాత్రం ఇప్పించకండి.


జవాబు
నాపరాయి, కడప జిల్లా

జమ్మలమడుగు పరిసరాలలో ముప్పై రెండేళ్ళు లెక్కల మాస్టరుగా పనిచేసి విరమించుకున్నాను. పై సోదరి చెప్పినదంతా చదివాను. నేను పరీక్షల మనిషిని కాదు, గోలీల మనిషిని.

మా చిన్నతనంలో ఇంటి ముందు పరిచిన కడప బండల మధ్య సందులే మాకు గోలీల గుంటలు. బండ నున్నగా ఉంటుంది కాబట్టి గోలీ ఎంత దూరం దొర్లుతుందో మట్టి నేల మీద ఆడేవాడికి అంతుపట్టదు. పొరుగూరి పిల్లలు వచ్చి మా బండల మీద ఓడిపోయి, వాళ్ళ మట్టి మీద మమ్మల్ని ఓడించేవారు. ఆట మొదలుకాక ముందు నియమాల మీద అరగంట పోట్లాట జరిగేది. ఇదంతా వృథా కాలక్షేపమని మా నాయన అనేవారు. ఉద్యోగంలో చేరిన తర్వాత గానీ నాకు తెలియలేదు, జాన్ పియాజే అంతటి పేరున్న పిల్లల మనస్తత్వవేత్త ఈ గోలీల పోట్లాటనే కూర్చొని చదివాడని. ఆయన కుర్రవాడిగా పారిస్‌లో బినే పరీక్షల సంప్రదాయంలోనే పని మొదలుపెట్టాడు. పిల్లల సరైన జవాబులు లెక్కపెట్టమని అప్పగిస్తే, ఆయనకు తప్పు జవాబుల మీద ఆసక్తి పుట్టింది. ఒకే వయసు పిల్లలందరూ ఒకే రకం తప్పు ఎందుకు చేస్తున్నారన్నదే ఆయన ప్రశ్న. తర్వాత స్విట్జర్లాండ్‌లో పిల్లలతో తానూ గోలీలు ఆడుతూ, ఈ నియమాలు ఎవరు పెట్టారు, మార్చవచ్చా అని అడిగి, ఆ పరిశీలనలతో 1932లో పుస్తకం వేశాడు. చిన్నపిల్లలు నియమాలు పెద్దలో దేవుడో పెట్టారనీ, మార్చకూడదనీ అన్నారు. పది దాటినవాళ్ళు, అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చన్నారు. ఆ రెండు జవాబుల మధ్య ఎంత దూరం ఉందో ఆలోచించండి. ఆ దూరాన్ని పిల్లలు పెద్దల పాఠం లేకుండా, తమలో తాము పోట్లాడుకుంటూ దాటారు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆరో తరగతిలో ఒక అబ్బాయి భాగహారం వచ్చిన ప్రతిసారీ బోర్డు దగ్గర కొయ్యబారిపోయేవాడు. ఒక రోజు అందరి ముందు వాడి చెవి మెలిపెట్టాను. ఆ వారమే సంతలో వాడు వాళ్ళమ్మ పక్కన కూర్చొని చీనీకాయలు అమ్ముతున్నాడు. డజను ధర చెప్పి, నేను ఏడు కాయలు అడిగితే, నేను మనసులో లెక్క తేల్చుకునేలోగా వాడు ఎంతో చెప్పి, చిల్లర కూడా చేతిలో పెట్టాడు. నేను తల వంచుకొని సంచీ పట్టుకొని వచ్చేశాను. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధి వ్యాపారం చేసే పిల్లల మీద 1985లో వచ్చిన పరిశోధన ఎన్నో ఏళ్ళ తర్వాత చదివితే అచ్చంగా మా సంత కథలాగే ఉంది: బేరంలో వచ్చిన లెక్కలు నూటికి 98 సరిగా చేసిన పిల్లలు, అవే లెక్కలను కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే సరిగా చేశారు.

అయితే ఒక హెచ్చరిక. ఇటువంటి కథలు విని, పులిజూదం వచ్చినవాడికి చదువు దానంతటదే వస్తుందని మీరు గుండె మీద చెయ్యి వేసుకొని పడుకోకండి. 2025లో మన కలకత్తా, ఢిల్లీ బజార్లలోని పిల్లల మీద వచ్చిన అధ్యయనం కూడా, బజారు లెక్క బడిలోకి తనంత తానుగా నడిచి రాదనీ, బడి లెక్క కూడా బజారుకు నడిచి వెళ్ళదనీ చూపించింది. మధ్యలో వంతెన ఎవరో ఒకరు వేయాలి. మేకను ఎక్కడ పెడితే పులికి ఎన్ని దోవలు మూసుకుంటాయో ముందు నోటితో చెప్పించండి, తర్వాత కాగితం మీద గీయించండి, ఆ తర్వాత లెక్కపెట్టించండి. ట్యూషన్‌లో ఎవరూ ఇది చేయరు. ఆ చీనీకాయల అబ్బాయికి నేను చేయలేదు.


జవాబు
ప్రొద్దుటూరు అమ్మ

పెద్దలు క్షమించాలి, నాకు ఈ చర్చ నడుస్తున్న తీరు సగమే నచ్చింది. అంకెను తేలిక చేసి మాట్లాడటం వినడానికి హాయిగా ఉంటుంది. మా అమ్మాయి విషయంలో మా ఇంట్లో అందరూ అదే పని చేశారు. అష్టాచెమ్మా ఆడితే గవ్వలు పడకముందే కాయ ఎక్కడికి వెళుతుందో చెప్పేది. బొమ్మలు గీస్తే వీధివాళ్ళు వచ్చి చూసేవారు. చదవడం మాత్రం రాదు. "ఆటలో ఇంత చురుకైన పిల్లకు చదువు రాకపోవడమేమిటి, బద్ధకం" అని కొందరు, "పెద్దయితే అదే వస్తుంది" అని కొందరు అంటూ ఉండగానే నాలుగేళ్ళు గడిచిపోయాయి. పదో ఏట పరీక్ష చేయిస్తే తెలివి సగటుకు కొంచెం ఎక్కువగానే ఉందనీ, అక్షరాలు చదవడంలోనే ప్రత్యేకమైన అడ్డంకి ఉందనీ తేలింది. ఆ కాగితం పట్టుకొని నేను ఏడ్చింది దుఃఖంతో కాదు. నా బిడ్డ బద్ధకస్తురాలు కాదని ఒక అంకె సాక్ష్యం చెప్పింది. ఇటువంటి అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలలో ఒకటిగా చేర్చింది; ఆ గుర్తింపు ఉండబట్టే పదో తరగతి పరీక్షలో అదనపు సమయం దొరికింది.

కాబట్టి అన్నా, మళ్ళీ పరీక్ష చేయించడానికి వెనుకాడకండి. దానికంటే ముందు చెవులు, కళ్ళు చూపించండి. జవాబు చెప్పని పిల్లలలో కొందరికి ప్రశ్నే సరిగా వినబడదు. బడివాళ్ళు వేరే చోటు చూసుకోమంటున్నారు కదా, దానికి భయపడకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి పంపేయడానికి వీల్లేదు. 2019లో వచ్చిన సవరణ అయిదు, ఎనిమిది తరగతులలో పిల్లలను పై తరగతికి పంపకుండా ఆపడానికి దారి ఇచ్చింది గానీ, బడి నుంచి, పంపేయడానికి ఇవ్వలేదు. మర్యాదగా, కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. చాలామంది అక్కడే ఆగిపోతారు.


జవాబు
మగ్గం గుంత, ధర్మవరం

నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. పైన రాసినవారందరూ నా కంటే చదువుకున్నవారు. అయినా ప్రశ్నలో ఒక లోటు నాకు కనిపించింది. మీ అబ్బాయి రోజూ సాయంత్రం ఒక మనిషి ఎదుట కూర్చొని ఆడేవాడు. ఆ మనిషి ఇప్పుడు లేరు. పరీక్ష గురించి, బడి గురించి, ట్యూషన్ గురించి అంతా రాశారు గానీ, ఇప్పుడు వాడితో ఎవరు ఆడుతున్నారో మీరు రాయలేదు.

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. నాకు అయిదేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. మా నాయన పొద్దున మగ్గంలోకి దిగితే మళ్ళీ దీపాలు పెట్టాకే పైకి వచ్చేవారు. మా వీధి చివర ఒక అవ్వ ఉండేది. మాకు చుట్టం కాదు, కులమూ ఒకటి కాదు. కండెలు చుట్టుకుంటూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని వామనగుంటలు ఆడించేది. పద్నాలుగు గుంటలు, చేతిలో చింతగింజలు. పంచేటప్పుడు చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే చెప్పమనేది. తప్పు చెబితే కసిరేది కాదు, "మళ్ళా చూడు తల్లీ" అని గింజలు వెనక్కి పోసేది. ఇరవైసార్లు వెనక్కి పోసిన రోజులు కూడా ఉన్నాయి. పది దాకా లెక్కపెట్టడం నాకు బడి కంటే ముందు ఆ గుంటలలోనే వచ్చింది. ఆమెకు చదువు రాదు.

అంగన్‌వాడీ శిక్షణలో ఒక అమెరికా ముచ్చట చెప్పారు; తర్వాత మా అబ్బాయి చేత వెతికించి వివరంగా తెలుసుకున్నాను. 1930లలో అయోవా రాష్ట్రంలోని ఒక అనాథాశ్రమంలో, తెలివి తక్కువని కొలిచిన ఇద్దరు పసిపిల్లలు ఉండేవారు. ఒకరికి 46, ఇంకొకరికి 35 వచ్చింది. వాళ్ళను బుద్ధిమాంద్యం ఉన్న పెద్ద ఆడవాళ్ళుండే చోటికి పంపారు. ఆరు నెలల తర్వాత స్కీల్స్ అనే మనస్తత్వవేత్త వెళ్ళి చూస్తే, ఆ పిల్లలు గుర్తుపట్టలేనంతగా మారారు. కొలిస్తే 77, 87 వచ్చాయి. అక్కడి ఆడవాళ్ళు వాళ్ళను ఒళ్ళో పెట్టుకొని, మాట్లాడి, ఆడించారు, అంతే. తర్వాత 13 మంది పిల్లలను అలాగే పంపితే సగటున 27 పాయింట్లు పెరిగాయట; ఆశ్రమంలోనే ఉండిపోయినవాళ్ళకు ఇంచుమించు అంతే తగ్గాయట. పిల్లలు కొద్దిమందే, పద్ధతిలో లోపాలున్నాయని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. అది నాకు తెలియనిది కాదు. కానీ ఆ అంకెలను పెంచినవారు ఎవరో చూడండి. ఎవరికైతే తెలివి లేదని అదే కొలతతో ముద్ర వేశారో, వాళ్ళే.

అంత పాతది ఎందుకంటే, జమైకాలో 1986, 87 సంవత్సరాలలో మొదలైనది ఇంకా గట్టిది. కింగ్‌స్టన్ పేటలలో ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలను తీసుకొని, వారిలో కొందరి ఇళ్ళకు మా వంటి ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట వెళ్ళి, ఇంట్లో దొరికే వాటితో చేసిన బొమ్మలతో తల్లీబిడ్డలు కలిసి ఆడుకోవడం నేర్పారు. రెండేళ్ళు, అంతే. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, ఆ పిల్లల సంపాదన మిగతావారి కంటే నూటికి 25 ఎక్కువగా ఉంది. నేను ఇంటింటికీ తిరిగి చెప్పేది ఇదే. తల్లులు మాత్రం "బొమ్మలు కొనే స్తోమత మాకెక్కడిది అక్కా" అంటారు. అగ్గిపెట్టెలు, చింతగింజలు చాలని చెబితే నమ్మరు. ఖరీదు పెట్టి కొన్నదే పిల్లలకు మంచిదనే నమ్మకం ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు గానీ, మా అవ్వ కాలంలో మాత్రం లేదు.

ట్యూషన్‌కు పంపాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. ఆ మూడు గంటలలో ఒక గంట మీదే కావాలి.


ప్రశ్న అడిగినవారి జవాబు
శెనక్కాయల చేను, అనంతపురం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వెంటనే రాయలేకపోయాను, ఎందుకంటే ధర్మవరం అక్క అడిగిన దానికి ఏమని రాయాలో తెలియలేదు. ఎవరూ ఆడటం లేదన్నదే నిజం. మా ఇంట్లో పులిజూదం గడే లేదు. నేను ఇంటికి వచ్చేసరికి ఎనిమిదవుతుంది. వాడు ఫోన్ చూస్తూ ఉంటాడు, నేనూ నా ఫోన్ చూసుకుంటాను.

కర్నూలు అమ్మ చెప్పినట్టు రెండో పేజీ చూశాను. మాటల భాగంలో 66, చేతుల భాగంలో 86 ఉన్నాయి. ఇంత తేడా ఉన్నప్పుడు 76 అనే అంకె మా వాడిలో ఎక్కడా లేదన్నమాట. చెవులు, కళ్ళు చూపించాము; రెండూ బాగానే ఉన్నాయి. మరి మాటల భాగం ఎందుకు అంత తక్కువగా ఉందో వచ్చే ఏడు కనుక్కోవలసే ఉంది. ప్రొద్దుటూరు సోదరి మాటను నేను తేలికగా తీసుకోలేదు. బడిలో చట్టం సంగతి మెల్లగా ఎత్తాను. కాగితం రాసి ఇమ్మన్నాను. ఇంకా ఇవ్వలేదు, దసరా మాట కూడా మళ్ళీ ఎత్తలేదు. ట్యూషన్ ఒక గంటకు కుదించాము.

నిన్న ఆదివారం డాబా మీద పరిచిన కడప బండ మీద సుద్దముక్కతో గడి గీశాను. గీతలు తప్పు గీశానని వాడు చెరిపి, తానే మళ్ళీ గీశాడు. పులులు నావి, మేకలు వాడివి. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఆడాడు. తర్వాత రెండో ఆటలో నన్ను మేకలు తీసుకోమన్నాడు. నేను ఆరో మేకను పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకొని ఆపి, "జేజినాయన అయితే దాన్ని ఆడ పెట్టడు" అన్నాడు. ఎందుకు పెట్టడని అడిగాను. ఈసారి నాకు నిజంగా తెలియకనే అడిగాను. దోవలు ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ, అన్నం చల్లారిపోతోందని వాళ్ళమ్మ రెండుసార్లు పిలిచేదాకా చెబుతూనే ఉన్నాడు.